1986 బుల్లెట్ 350: కిక్ వెనక్కి తంతోంది, వేడెక్కితే ఆగిపోతోంది. ఇంజిన్ దించాలా?

నరసన్నపేట_350

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1986 బుల్లెట్ స్టాండర్డ్ 350 ఉంది. కాస్ట్ ఐరన్ ఇంజిన్, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే చిన్న కాంటాక్టులతో స్పార్క్ పుట్టించేది), కుడికాలి గేర్లు. చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయి ఈ మధ్యే బయటికొచ్చింది. స్పానర్ పట్టడం నాకు కొత్త.

పొద్దున్నే కిక్ బాగా బరువుగా ఉంటోంది. నాలుగైదు కిక్కులకు ఒకసారి కాలిని వెనక్కి తంతోంది. స్టార్టయ్యాక ఐదు నిమిషాలు పొగే పొగ, తర్వాత తగ్గిపోతుంది. శ్రీకాకుళం వైపు బయల్దేరితే ఆరేడు కిలోమీటర్లకు ఆగిపోతుంది, పావుగంట చల్లారితే మళ్లీ అందుకుంటుంది. చూపించిన చోట "బోర్ చేసి (సిలిండర్ లోపలి గోడ చెక్కి) పిస్టన్ మార్చాలి, ఇంజిన్ దించేద్దాం" అన్నారు. నిజంగా అంతదాకా వెళ్లాలా? నేను ఇంట్లో చేసుకోగలిగినవేమైనా ఉన్నాయా?

కాస్ట్ఐరన్_విజయనగరం

ఇప్పుడే ఇంజిన్ దించకండి తమ్ముడూ. మీరు రాసిన లక్షణాల్లో బోర్ అరిగిందని చెప్పేది ఒక్కటీ లేదు. పిస్టన్ రింగులు పోతే పొగ ఐదు నిమిషాల్లో తగ్గదు. ఇరవై కిలోమీటర్లు నడిపాక కూడా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలంగా వస్తుంది, ప్లగ్గు ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే గుప్పుమంటే వాల్వ్ గైడ్లను (వాల్వు కాడ జారే గొట్టాలను) అనుమానించాలి. చాలాకాలం నిలబడిన బండికి స్టార్టింగ్‌లో మాత్రమే వచ్చి తగ్గే పొగకి సాధారణంగా కారణం వేరే ఉంటుంది.

ఈ ఇంజిన్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా లేదు, క్రాంక్‌కేసు వెనక భాగంలోనే ఒక గది. బండి చాలాకాలం నిలబడితే ఆ ఆయిల్ పంపులోంచి మెల్లగా జారి క్రాంక్ తిరిగే గదిలో చేరుతుంది. కిక్ బరువు అందుకే. ఆ ఆయిలే రింగుల్ని దాటి పైకెళ్లి కాలుతుంది. పంపు దాన్ని మళ్లీ ట్యాంకులోకి లాగేశాక పొగ ఆగుతుంది.

కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. నిలబడిన బండికి డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవెల్ తక్కువ చూపిస్తుంది, ఇంకో అర లీటరు పోసేస్తారు. పంపు పాత ఆయిల్‌ని వెనక్కి లాగేసరికి ట్యాంకు నిండిపోయి బ్రీదర్‌లోంచి (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) కక్కేస్తుంది. లెవెల్ ఎప్పుడైనా ఇంజిన్ ఐదు నిమిషాలు నడిచాకే చూడాలి.

మీరు ముందు చేయాల్సింది: ఇంజిన్ కింద ఉన్న డ్రెయిన్ బోల్టులు రెండూ విప్పండి, ఒకటి ట్యాంకుది, ఒకటి క్రాంక్ గదిది. ఒక్కటి విప్పి ఊరుకుంటే సగం పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. టైమింగ్ కవర్ దగ్గరున్న ఫెల్ట్ ఫిల్టర్ మార్చండి. తీసేటప్పుడు స్ప్రింగు, వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఫొటో తీసుకోండి. 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ 2 లీటర్లు పోసి స్టార్ట్ చేసి, తర్వాత డిప్‌స్టిక్ చూసుకుంటూ కొద్దికొద్దిగా కలపండి.

ఆయిల్ పైకి చేరుతోందో లేదో చూడకుండా రోడ్డెక్కొద్దు. ఐడిల్‌లో ఉండగా హెడ్డు మీద రాకర్లకు (వాల్వుల్ని తెరిచే భాగాలకు) వెళ్లే సన్న పైపు బాంజో బోల్టును (లోపల ఆయిల్ దారి ఉండే బోల్టు) అర చుట్టు వదులు చేయండి. కాసేపటికి అక్కడ ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి.

బొబ్బిలి_పాయింట్లు

కిక్ వెనక్కి తన్నడం గురించి నేను చెబుతాను. అది తేలిగ్గా తీసుకునేది కాదు, చీలమండ పోతుంది. మంచి బూటు లేకుండా కిక్ కొట్టకండి.

ముందు కొట్టే పద్ధతి సరిచూసుకోండి. లైట్లు ఆపి ఇగ్నిషన్ ఆన్ చేయండి. కిక్‌ని చేత్తో నెట్టినట్టు నెమ్మదిగా నొక్కుతూ అమ్మీటర్ (కరెంటు చూపించే ముల్లు మీటర్) చూడండి. పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకుంటే మధ్యకి వస్తుంది. కంప్రెషన్ గట్టిగా అడ్డుపడ్డాక డీకంప్రెషర్ లీవర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసేది) పట్టి, ముల్లు మధ్యకి వచ్చేదాకా మాత్రమే కిక్ జరపండి. లీవర్ వదిలి, కిక్‌ని పైకి రానిచ్చి, అప్పుడు చివరిదాకా ఒకే ఊపున తొక్కాలి. సగం తొక్కి వదిలేస్తే ఏ బుల్లెట్ అయినా తంతుంది.

పద్ధతి సరిగ్గా ఉన్నా తంతోందంటే స్పార్క్ ముందుగా పడుతోందన్నమాట. నిలబడిపోయిన బండిలో నా మొదటి అనుమానం ఆటో అడ్వాన్స్ యూనిట్ మీదే. పాయింట్ల ప్లేటు వెనక రెండు బరువులు, రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగినప్పుడు బరువులు విచ్చుకుని స్పార్క్‌ని ముందుకు జరుపుతాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగాలి. పాత గ్రీజు గట్టిపడి, మన సముద్రపు గాలికి తుప్పు కూడా పట్టి, అవి విచ్చుకున్న చోటే బిగుసుకుపోతాయి. పాయింట్లని తెరిచే క్యామ్‌ని వేళ్లతో తిప్పి వదలండి, టక్కున వెనక్కి రావాలి. రాకపోతే విప్పి కిరోసిన్‌తో కడిగి, పిన్నుల మీద ఒక్కో చుక్క ఇంజిన్ ఆయిల్ వేయండి. అంతకు మించి వేస్తే పాయింట్ల మీదికి చిమ్ముతుంది.

తర్వాత పాయింట్ల గ్యాప్. పూర్తిగా తెరుచుకున్న చోట 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) లేకుండా కంటితో పెట్టకండి. గ్యాప్ ముందు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తర్వాత. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే గ్యాప్ పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది.

టైమింగ్‌కి ప్లగ్గు తీసి, టాప్ గేరులో వేసి, బండిని మెల్లగా ముందుకు నెట్టండి. సైకిల్ చువ్వ పై కొన వంచి (లోపల పడిపోకుండా) ప్లగ్గు రంధ్రంలో పెడితే పిస్టన్ పైకి రావడం తెలుస్తుంది. రెండు పుష్‌రాడ్లూ (రాకర్లని నెట్టే కడ్డీలు) వేళ్లకు తిరుగుతుంటే అది కంప్రెషన్ స్ట్రోకే. బ్యాటరీ 6 వోల్టులదో 12 వోల్టులదో చూసి దానికి తగ్గ బల్బు తీసుకుని, ఒక తీగ పాయింట్ల టెర్మినల్‌కి, ఇంకోటి ఇంజిన్ బాడీకి తగిలించండి. ఇగ్నిషన్ ఆన్‌లో పాయింట్లు విడిన క్షణమే బల్బు వెలుగుతుంది. అడ్వాన్స్ యూనిట్ విశ్రాంతిలో ఉండగా, పిస్టన్ పై కొసకు (టీడీసీ అంటారు) 0.8 మి.మీ. ముందు వెలగాలి. ప్లగ్గు రంధ్రం ఏటవాలు కాబట్టి చువ్వ చూపించే దూరం కచ్చితం కాదు. కొలత మీద అనుమానం ఉంటే టీడీసీకి మరీ దగ్గరగానే ఉంచండి. కాస్త ఆలస్యమైన స్పార్క్ బండిని వేడెక్కించి బద్ధకంగా చేస్తుంది. ముందుగా పడే స్పార్క్ కాలు విరగ్గొడుతుంది.

ప్లగ్గు బయట ఉన్నంతసేపూ దాన్ని క్యాపులోనే పెట్టి హెడ్డుకి ఆనించండి. గాలిలో వేలాడదీసి కిక్ కొడితే కాయిల్ పోతుంది.

చీపురుపల్లి_రైడర్

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసేస్తే ఈ గొడవంతా వదిలిపోతుంది కదా?

బొబ్బిలి_పాయింట్లు

పాయింట్ల గొడవ వదులుతుంది. కానీ పాత అడ్వాన్స్ యూనిట్‌నే వాడుకునే కిట్ అయితే, అది బిగుసుకుని ఉన్నంతకాలం బండి అలాగే తంతుంది. ముందు ఉన్నదాన్ని సరిచేసి నడిపించాలి, కిట్ సంగతి ఆ తర్వాత.

పలాస_పాతబండ్లు

వేడెక్కి ఆగిపోవడానికి ఈ బళ్లలో రెండు కారణాలు ఎక్కువ. కనిపెట్టడం తేలికే, ఆగిన చోటే చూడాలి. ఆగగానే పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. గాలి పీల్చిన చప్పుడొచ్చి, వెంటనే స్టార్టయితే మూత గాలి రంధ్రం పూడిపోయింది. లోపల గాలి చేరక పెట్రోల్ కిందికి దిగట్లేదు. సన్న సూదితో శుభ్రం చేస్తే చాలు.

మూత తీసినా స్టార్టవకపోతే పాయింట్ల కవర్ తీసి, ఎవరిచేతనైనా కిక్ కొట్టించి చూడండి. పాయింట్ల మధ్య పసుపురంగు పెద్ద మంట కనిపిస్తే కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వని అణిచే చిన్న డబ్బా) పోయింది. చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడికి లోపలి ఇన్సులేషన్ పనిచేయడం మానేస్తుంది. పావుగంట చల్లారాక అందుకుంటోందన్నారు కాబట్టి నా పందెం దీనిమీదే. కొత్తది సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉండాలి. దాన్ని ఇంజిన్ వేడి తగలని చోట, కాయిల్ దగ్గర బిగించి తీగ లాగితే ఎక్కువ కాలం వస్తుంది. బాడీకి ఎర్త్ బాగా తగలాలి, పెయింటు గీకండి. పాతదాని తీగ తప్పకుండా విప్పేయండి, అది షార్ట్ అయితే కొత్తది ఉన్నా లాభం లేదు.

ట్యాంకులోకి టార్చి వేసి చూశారా? మన వైపు తేమకి ఖాళీ ట్యాంకు లోపల ఎర్రగా అయిపోయి ఉంటుంది. పెట్రోల్ ట్యాప్ విప్పి రంధ్రం మూసి, వెనిగర్ నింపి ఒకరోజు ఉంచి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఆరగానే కొంచెం 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బళ్ల ఆయిల్) కలిపిన పెట్రోల్ పోసి అంతటా తిప్పాలి, లేకపోతే సాయంత్రానికే మళ్లీ తుప్పు పడుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. పెట్రోల్ పైపు, ట్యాప్ వాషర్, కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గది గాస్కెట్ కొత్తవి వేయండి. నెలకు పైగా నడపకపోతే కార్బురేటర్ ఖాళీ చేయండి. జెట్లలో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) తీగ గుచ్చకండి, గాలి కొట్టించండి.

కాస్ట్ఐరన్_విజయనగరం

రెండు మాటలు మిగిలాయి. ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్ సరిచేసే స్క్రూలు) ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, కంప్రెషన్ టీడీసీలో చూడండి. పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. సన్న ట్యాపెట్ స్పానర్లే వాడండి. లాక్‌నట్ బిగించాక మళ్లీ తిప్పి చూడాలి, బిగింపులోనే గ్యాప్ మారిపోతుంది.

ఎడమ పక్క ప్రైమరీ కవర్ కారుతోందని మధ్య నట్టుని బిగించేయకండి. ఆ కవర్ మొత్తం ఒక్క నట్టు మీదే నిలబడుతుంది. ఎక్కువ బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది. రబ్బర్ రింగ్ మార్చండి.

నరసన్నపేట_350

చాలా థాంక్స్ మాస్టారూ, అన్నలూ. క్రాంక్ గది బోల్టు విప్పితే లీటరు పైనే ఆయిల్ వచ్చింది. అడ్వాన్స్ యూనిట్ బిగుసుకుపోయే ఉంది. కడిగితే కదులుతోంది గానీ ఒక స్ప్రింగు సాగి వదులుగా వేలాడుతోంది. ఆ ఒక్కటీ మార్చితే సరిపోతుందా? కండెన్సర్ ఇంకా తేవాలి.

బొబ్బిలి_పాయింట్లు

రెండూ మార్చండి తమ్ముడూ, జతగా. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బరువులు సమంగా విచ్చుకోవు, ఐడిల్‌లో టైమింగ్ ఊగుతుంది. సాగిన స్ప్రింగుని కత్తిరించి పొట్టి చేయడం లాంటివి వద్దు. స్ప్రింగులు వేశాక టైమింగ్ మళ్లీ మొదటినుంచి పెట్టాలి. కండెన్సర్ వచ్చాక హైవే ఎక్కకుండా ఊళ్లోనే పది కిలోమీటర్లు తిప్పి, ప్లగ్గు తీసి దాని రంగు ఇక్కడ రాయండి.