స్వీడన్ రక్తపిశాచి సినిమాను రెండేళ్లకే అమెరికాలో మళ్లీ తీయాల్సిన అవసరం ఏముంది?

మంచుబాట:
టోమస్ ఆల్‌ఫ్రెడ్‌సన్ స్వీడన్‌లో తీసిన ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ (2008), మ్యాట్ రీవ్స్ అమెరికాలో తీసిన ‘లెట్ మి ఇన్’ (2010) రెండూ వరసగా చూశాను. కథ ఒకటే. బడిలో తోటి పిల్లలు ఏడిపించుకు తింటున్న పన్నెండేళ్ల అబ్బాయి, పక్క వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి, ఆ అమ్మాయి కోసం మనుషుల్ని చంపి రక్తం తెచ్చే పెద్దాయన. అమ్మాయి రక్తపిశాచి. (రెండూ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపు కూడా మాట్లాడతాను.)

నాకు రీమేక్‌లో మింగుడుపడనిది ఆ ఫొటో. అందులో అబ్బాయి ఓవెన్, అమ్మాయి యాబీ. ఓవెన్‌కి యాబీ ఇంట్లో పాత ఫొటోల పట్టీ ఒకటి దొరుకుతుంది. అందులో యాబీ ఇప్పటిలాగే ఉంది, పక్కన కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడు. అంటే ఆ పెద్దాయన ఒకప్పుడు ఓవెన్‌లాంటి పిల్లాడే, రేపు ఓవెన్ గతి కూడా అంతే అని చెప్పేశారు. స్వీడిష్ సినిమాలో ఆ పెద్దాయన హోకాన్ ఎవరో, అమ్మాయి ఎలీతో ఎలా కలిశాడో ఎక్కడా చెప్పరు. చివర్లో అబ్బాయి ఓస్కర్ ఆమెను పెట్టెలో పెట్టుకుని రైల్లో పోతుంటే ఇది ప్రేమా, ఉచ్చా అన్నది మనకే వదిలేశారు. ఆ అనుమానమే ఆ సినిమా ప్రాణం. రీమేక్ దాన్ని తీసేసింది.

రీలుబుట్ట:
నేను ఒప్పుకోను మంచుబాట గారూ. ఫొటో చూశాకే నాకు అసలు భయం పట్టుకుంది. రైల్లో ఓవెన్ హాయిగా పాట పాడుకుంటుంటే, వాడికి ఏం జరగబోతోందో వాడికంటే మనకే ఎక్కువ తెలుసు. అక్కడ అనుమానం పోయిన మాట నిజమే, దాని బదులు విషాదం వచ్చింది. అది తక్కువదా?

ఇంకోటి, ఈ సినిమాలో ఓవెన్ వాళ్లమ్మ ముఖం సరిగ్గా కనిపించదు. ఫోకస్ లేకుండానో, ఫ్రేమ్ బయటో ఉంటుంది. నాన్న ఫోన్లో గొంతు మాత్రమే. స్వీడిష్ సినిమాలో ఓస్కర్ నాన్న దగ్గరికి వెళ్తాడు, ఇద్దరూ కాసేపు సరదాగా గడుపుతారు, ఇంతలో నాన్న స్నేహితుడు తాగడానికి వచ్చి కూర్చుంటాడు. అది గొప్ప సీనే. కానీ ఓవెన్‌కి ఆ కాసేపు కూడా లేదు. పిల్లాడి ఒంటరితనం రీమేక్‌లోనే నాకు గట్టిగా తగిలింది.

కిటికీపక్క:
ఫొటో సంగతి అందరూ మాట్లాడతారు గానీ, అంతకంటే పెద్ద మార్పు ఒకటుంది. నేను అమ్మాయిని కాకపోయినా ఇష్టపడతావా అని రెండు సినిమాల్లోనూ అడుగుతుంది. స్వీడిష్ సినిమాలో తర్వాత ఎలీ బట్టలు మార్చుకుంటుంటే ఓస్కర్ తొంగి చూస్తాడు, ఒక్క క్షణం పాత గాయపు మచ్చ కనిపిస్తుంది. యాన్ అయ్‌విదే లిండ్‌క్విస్ట్ 2004 నవలలో ఎలీ నిజానికి అబ్బాయి. అంగం కోసేసిన అబ్బాయి. ఆ మచ్చతో మాట మొత్తం మారిపోతుంది. రీమేక్‌లో ఆ షాట్ లేదు కాబట్టి ‘నేను మనిషిని కాను’ అన్నంత వరకే అర్థం మిగిలింది. మాట ఉంచి దాని వేరు పీకేశారు. నాకు దీని మీదే కోపం.

రీలుబుట్ట:
అది మంచి పాయింట్, కాదనను. కానీ అదే నవల రాసిన లిండ్‌క్విస్ట్ రెండు సినిమాలనూ మెచ్చుకున్నాడు. స్వీడిష్ స్క్రిప్ట్ రాసింది కూడా ఆయనే. రీమేక్ వద్దని బాహాటంగా అన్నది ఆల్‌ఫ్రెడ్‌సన్. రాసినవాడికి లేని బాధ మనకెందుకు?

రీమేక్‌లోని కారు సీన్ సంగతి ఎవరూ ఎత్తరేం? పెద్దాయన ముఖానికి చెత్త సంచి తొడుక్కుని వెనక సీట్లో దాక్కుంటాడు. అనుకోకుండా ఇంకో కుర్రాడు ఎక్కుతాడు. పెనుగులాటలో కారు వెనక్కి దూసుకుపోయి రోడ్డు దిగి పల్టీలు కొడుతుంది. కెమెరా కారు లోపలే ఉండిపోతుంది, మనమూ దాంతోపాటే తిరుగుతాం. ఇది స్వీడిష్ సినిమాలో లేనే లేదు. కాపీ కొట్టేవాడు ఇలా తీస్తాడా?

రెండో ఆట:
అసలు రీమేక్ అనగానే తిట్టడం ఎందుకో అర్థం కాదు. మలయాళం ‘దృశ్యం’ 2013లో వస్తే 2014లోనే వెంకటేశ్‌తో మన దగ్గర తీశారు. మా ఇంట్లో పెద్దవాళ్లు సబ్‌టైటిల్స్ చదువుతూ సినిమా చూడరు, వాళ్లకి ఆ కథ అలాగే అందింది. అమెరికాలోనూ అలాంటి ప్రేక్షకులే ఎక్కువ.

మంచుబాట:
రెండో ఆట గారూ, మరి ఆ ప్రేక్షకులు వచ్చారా? దాదాపు 20 మిలియన్ డాలర్లు పెట్టి తీస్తే రాబడి అంతకు కాస్త ఎక్కువ, అంతే. ప్రచారం ఖర్చులు కలిపితే ఏం మిగిలినట్టు? సబ్‌టైటిల్స్ చదవనివాళ్ల కోసం తీసిన సినిమాను వాళ్లే చూడలేదు.

రీలుబుట్ట గారూ, కారు సీన్ అద్భుతం. న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌లో, 1983లో కథ పెట్టి, టీవీలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ సోవియట్లను చెడ్డ సామ్రాజ్యం అంటున్న ప్రసంగం వినిపించడం కూడా బాగుంది. కానీ అదే రీవ్స్ సొరంగం దగ్గరి సీన్ ఎలా తీశాడో చూడండి. స్వీడిష్ సినిమాలో అదే సీన్‌కి ఆల్‌ఫ్రెడ్‌సన్ కెమెరాను దూరంగా నిలబెట్టాడు. వంతెన కింద సాయం అడుగుతున్న ఒక చిన్నపిల్ల, జాలిపడి ఎత్తుకున్న మనిషి, అతని మెడకు కరుచుకున్న ఆమె. అంత దూరం నుంచి చూస్తున్నా పిల్లే కనిపిస్తుంది. రీమేక్‌లో యాబీ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గిలగిలా ఎగురుతూ మీద పడుతుంది. అక్కడ నాకు పిల్ల కనిపించలేదు, జంతువే కనిపించింది. ఆమె పిల్ల అని నమ్మకపోతే ఓవెన్ మీద ఆమెకున్న ఇష్టాన్ని ఎలా నమ్మను?

ఆ సీన్ ఒప్పని ఎవరైనా చెప్పగలరా? కారు సీన్ కాదు, సొరంగం సీన్ గురించే చెప్పండి.