కీహోల్ కార్పల్ టన్నెల్ సర్జరీ తర్వాత కొత్త తిమ్మిరి. మామూలేనా?

ప్రశ్న: కార్పల్ టన్నెల్‌కి (మణికట్టులో నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కే సమస్య) మణికట్టు దగ్గర చిన్న కోతతో, సన్నటి కెమెరా పెట్టి ఎండోస్కోపిక్ రిలీజ్ చేసి మూడు వారాలైంది. రాత్రి తిమ్మిర్లు పోయాయి. కానీ బల్ల మీద చెయ్యి ఆనిస్తే అరచేతి మొదట్లో రెండు పక్కలా నొప్పి. మధ్యవేలు, ఉంగరపు వేలు ఎదురెదురు అంచులు కొత్తగా మొద్దుబారాయి. ఆగాలా, వెళ్లాలా?

జవాబు 1: రెండూ వేరండీ. ఆ నొప్పిని పిల్లర్ పెయిన్ అంటారు. నరం మీద ఒత్తిడి తగ్గించడానికి ఈ సర్జరీలో కోసేది మణికట్టుకి అడ్డంగా ఉండే గట్టి పట్టీని, అదే లిగమెంట్; అది తెగాక దానికి అతుక్కున్న బొటనవేలి, చిటికెనవేలి కండరాల మీద లాగుడు మారుతుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుంది. మొద్దుబారడం మాత్రం సర్జన్‌కి చూపించాల్సిందే. ఆ రెండు అంచులకీ వెళ్లే నరం లిగమెంట్ చివరి అంచుకి దగ్గర్లోనే ఉంటుంది. పరికరం ఒత్తిడికి నలిగితే వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది; తెగితే దానంతటది అతకదు.

జవాబు 2: ఇంట్లో ఓ పరీక్ష: కళ్లు మూసుకుని, దూది పోగుతో ఉంగరపు వేలి రెండు పక్కలా తాకించి తేడా రాసుకోండి, వారానికోసారి. బొటనవేలు చిటికెనవేలి కొసకి అందుతోందా చూడండి. సర్జరీ తర్వాత కొత్తగా అందకపోతే బొటనవేలి కండరాలకి వెళ్లే నరం దెబ్బతిందేమో అని అనుమానించాలి.

జవాబు 3: పాత తిమ్మిరి అసలు తగ్గకపోతే లిగమెంట్ పూర్తిగా తెగలేదేమో అని చూస్తారు. తగ్గి, నెలల తర్వాత తిరిగొస్తే మచ్చ కణజాలం కావచ్చు.

జవాబు 2: అవును. చీము, జ్వరం, బిగుసుకుపోయే వాపు, వేళ్లు పాలిపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి.