మోకాలికి ఎవరి మీద పగ? ‘ప్రతీకార చర్య’ అనే మాట గురించి

మా పెద్దమ్మాయి పదో తరగతి. మొన్న రాత్రి జీవశాస్త్రం పైకి చదువుతూ, మోకాలి కింద తట్టగానే కాలు ముందుకు తన్నుకోవడం ‘అసంకల్పిత ప్రతీకార చర్య’ అని నాలుగుసార్లు బట్టీ పట్టింది. పక్కన బొమ్మలు గీసుకుంటున్న మూడో తరగతిది తలెత్తి, "మోకాలికి ఎవరి మీద పగ నాన్నా?" అంది.

అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అది అడగాల్సిన ప్రశ్నే. దానికి తెలిసిన ప్రతీకారం వాళ్ళ నానమ్మ చూసే సీరియల్లోది. పుస్తకం రాసినవాళ్ళకి తెలిసింది సంస్కృతంలోది. ప్రతి అంటే ఎదురు, కారం అంటే చేయడం. అక్కడ ఆ మాటకి పగ తీర్చుకోవడమూ ఉంది, విరుగుడూ ఉంది, జబ్బుకి చేసే వైద్యమూ ఉంది. భగవద్గీత మొదటి అధ్యాయం చివర అర్జునుడు, ఆయుధం పట్టకుండా ‘అప్రతీకారం’గా ఉన్న నన్ను కౌరవులు చంపినా నాకు మేలే అంటాడు. అంటే ఎదిరించకుండా ఉన్న నన్ను అని. అక్కడ పగ ఊసే లేదు. మన వాడుకలో మిగతా అర్థాలన్నీ రాలిపోయి పగ ఒక్కటే మిగిలింది. శాస్త్రం పుస్తకంలో మాత్రం పాత అర్థం అలాగే కూర్చుని ఉంది.

దానికి ఇదంతా చెప్పి లాభం లేదు. మర్నాడు పొద్దున దోసెల దగ్గర అవకాశం దొరికింది. (కాలింది నాకే, కంగారు పడకండి.) అట్లకాడతో దోసె తిరగేస్తుంటే చిటికెన వేలు పెనం అంచుకి తగిలింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత "అబ్బా" అన్నాను. ఇంకాసేపటికి మంట మొదలైంది. "చూశావా, ముందు చెయ్యి వచ్చింది, అరుపు తర్వాత వచ్చింది. చెయ్యి తియ్యమని నేను చెప్పలేదు" అన్నాను. "మరి ఎవరు చెప్పారు?" అంది.

వెన్నుపాము చెప్పింది. వేలి చర్మంలో వేడిని కనిపెట్టే నాడుల కొసలుంటాయి. అక్కడ బయల్దేరిన కబురు నాడి వెంట వెన్నుపాము దాకా పోతుంది. వెన్నుపాము ‘లాగెయ్’ అని ఇంకో నాడి వెంట చేతి కండరానికి పంపేస్తుంది. మెదడుకీ కబురు వెళ్తుంది గానీ, అది అందేసరికి ఇక్కడ పనైపోతుంది. గడ్డివాము అంటుకుంటే సర్పంచి సంతకం కోసం ఎవరూ ఆగరు కదా, పక్కింటివాళ్ళు బిందెలతో నీళ్ళు పోసేస్తారు, సర్పంచికి తర్వాత తెలుస్తుంది. అలా చెప్తే దానికి వెంటనే ఎక్కింది. కబురు తెచ్చే నాడిని పుస్తకం అభివాహి నాడి అంటుంది, హుకుం పట్టుకెళ్ళేదాన్ని అపవాహి నాడి అంటుంది. పెద్దది ఆ రెంటినీ పరీక్షకి ముందురోజు తప్పకుండా తారుమారు చేస్తుంది. వాటికే జ్ఞాన నాడి, చాలక నాడి అన్న పేర్లు కూడా ఉన్నాయి. అవి నయం.

అసలు నన్ను ఆపేసింది ఇంకో సంగతి. పెనం తగలగానే ‘చురుక్కుమంది’ అంటాం, ఆ వెనక వచ్చేదాన్ని ‘మంట’ అంటాం. ఇవి నిజంగానే రెండు వేరు వేరు కబుర్లు. నొప్పిని మోసే నాడీ తంతువులు రెండు రకాలు. పల్చటి కొవ్వు తొడుగు ఉన్నవి సెకనుకి 5 నుంచి 30 మీటర్లు పరుగెత్తుతాయి. తొడుగు లేని సన్నవి సెకనుకి 2 మీటర్లు దాటవు. కాలి బొటనవేలికి ఎదురుదెబ్బ తగిలినప్పుడు గమనించండి. చురుక్కుమన్నాక చిన్న ఖాళీ ఉంటుంది, ‘ఇప్పుడొస్తుంది చూడు’ అని మనకే తెలుస్తుంది, అప్పుడు దిగుతుంది అసలు బాధ. ఈ రెంటికీ వేరే వేరే మాటలు మనవాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్నాయి.

ఇంతకీ నా ప్రశ్న. ఎనిమిదేళ్ళ పిల్లకి ఈ ‘ప్రతీకార చర్య’ని ఏ మాటతో చెప్పాలి?

*జీవశాస్త్రం టీచరు:* ఒక చిన్న సవరణండీ. ఇలాంటివన్నీ వెన్నుపాము నుంచే జరుగుతాయని పిల్లలకి అలవాటు చెయ్యకండి. కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకునేది మెదడు అడుగుభాగం నుంచి, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే చోటు నుంచి. ఇక మోకాలి సంగతి. దాన్ని 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు ఎవరికి వారే రాసి ప్రచురించారు. మోకాలిచిప్ప కింద తట్టితే తొడ ముందు కండరం కాస్త సాగుతుంది. సాగిందన్న కబురు వెన్నుపాముకి వెళ్ళి, మధ్యలో ఇంకో నాడీకణం లేకుండా నేరుగా అదే కండరానికి తిరిగొస్తుంది. అది బిగుసుకుంటుంది, కాలు తన్నుకుంటుంది. కండరం బిగియడం మొదలవడానికి సెకనులో 20వ వంతు కూడా పట్టదు. లాగితే ఎదురు లాగడం అన్నమాట. కాబట్టి ఆ మాట పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు. మీ చిన్నమ్మాయికి ‘ఎదురు లాగుడు’ అని చెప్పి చూడండి.

*చెన్నైలో ఉండే సభ్యురాలు:* ప్రతీకారం సంగతి సరే, నాకు ‘నాడీ వ్యవస్థ’ మీదే ఫిర్యాదు ఉంది. మా వాడు తమిళంలో ‘నరంబు మండలం’ అని చదువుకుంటాడు. కన్నడంలో ‘నరమండల’. ఇంట్లో వాడే నరాన్నే వాళ్ళు పుస్తకంలోకి తీసుకెళ్ళారు. మనమేమో నరాన్ని ఇంట్లో వదిలేసి నాడిని తెచ్చుకున్నాం.

*పోస్టు రాసినవాణ్ణి:* నిజమేనమ్మా, కాకపోతే మన నరం మరీ లోకువైపోయింది. చేతి మీద నరాలు తేలాయంటే అవి రక్తనాళాలు. మెడ నరం పట్టేసిందంటే చాలాసార్లు అది కండరం. నరాల డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడే అది అసలు నరం. అయితే ఈ గందరగోళం మనొక్కళ్ళదే కాదు. తమిళంలో నరంబు అంటే యాళ్ వాద్యం తీగ కూడా. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట్లో స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచేది), వింటినారి. సాగదీసి బిగించినట్టుండే ప్రతిదాన్నీ అందరూ ఒకే పేరుతో పిలిచారు. నాడి మాత్రం తక్కువ తిన్నదా? దాని అసలు అర్థం గొట్టం. నరం గొట్టం కాదు. పైగా నాడి అనగానే పిల్లలు మణికట్టు పట్టుకుని చూపిస్తారు, అక్కడ కొట్టుకునేది ధమని. చిన్న తరగతుల్లో నరం అనే చెప్పాలని నా ఓటు.

*కరీంనగర్ సభ్యుడు:* మా దిక్కు ‘సుర్రుమన్నది’ అంటం. చురుక్కు కన్నా గట్టిగ ఉంటది. వేడి తాకితేనే సుర్రు. ముల్లు గుచ్చితే అట్ల అనం.

*తెలుగు మాస్టారు, రిటైరయ్యాను:* అదే పాఠంలో ‘ఉద్దీపన’ ఉందే, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వేడి, వెలుతురు, శబ్దం, నాడుల్ని కదిలించేది ఏదైనా ఉద్దీపన అంటున్నారు. అది మన అలంకార శాస్త్రం మాట. వెన్నెల, కోయిల కూత, మలయమారుతం శృంగారానికి ఉద్దీపన విభావాలు, అంటే ఆ భావాన్ని రగిలించేవి. అలాగే మనసులోది ఒంటి మీద తేలే సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం (కొయ్యబారిపోవడం), స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). చెమట పట్టడం, వణకడం, రంగు మారడం ఇవన్నీ తలుచుకోగానే వచ్చేవి కావు. మనసు లగ్నమైతే తప్ప నటుడికి రావన్నాడు నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు. జీవశాస్త్రం వాళ్ళు వీటినేమంటారో టీచరు గారు చెప్పాలి.

*జీవశాస్త్రం టీచరు:* స్వయంచోదిత నాడీ వ్యవస్థ అంటాం మాస్టారూ. గుండె, చెమట గ్రంథులు, పేగులు, మన మాట వినని పనులన్నీ దాని కిందివే. రోమాంచం అంటే ప్రతి వెంట్రుక మొదట్లో ఉండే బుల్లి కండరం బిగుసుకోవడం. చలికీ అదే, భయానికీ అదే, మంచి పద్యం విన్నా అదే. మీ జాబితా రేపు క్లాసులో వాడుకుంటాను.

*ఒక కుర్ర సభ్యుడు:* ఇంత టెన్షన్ ఎందుకండీ, రిఫ్లెక్స్ అంటే సరిపోదా? క్రికెట్ కామెంటరీలో రోజూ వింటున్నదేగా, ‘అద్భుతమైన రిఫ్లెక్స్ క్యాచ్’ అని.

*పోస్టు రాసినవాణ్ణి:* అనొచ్చు బాబూ, కాకపోతే స్లిప్పులో పట్టే క్యాచ్ ఆ లెక్కలోకి రాదు. అక్కడ కన్ను చూడాలి, మెదడు తేల్చుకోవాలి, అప్పుడు చెయ్యి కదలాలి. ఎంత సాధన చేసినా మెదడుని తప్పించుకోలేదు. నిన్న సాయంత్రం పిల్లలతో స్కేలు ఆట ఆడాను. 30 సెంటీమీటర్ల స్కేలు పైన పట్టుకుని చెప్పకుండా వదలాలి, కింద సున్నా దగ్గర వేళ్ళు తెరిచి ఉంచినవాళ్ళు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టారంటే 0.2 సెకను పట్టినట్టు. పెద్దది 19 దగ్గర పట్టింది. చిన్నది మూడుసార్లు వదిలేసి, నాలుగోసారి 26 దగ్గర పట్టి, నేను ముందే వదిలానని గొడవ పెట్టుకుంది.

టీచరు గారి ‘ఎదురు లాగుడు’ దానికి నచ్చింది. నాకు మాత్రం ‘అసంకల్పిత’ ముఖ్యం అనిపించింది, అంటే మనం అనుకోకుండానే జరిగేది. దానికి మన దగ్గర ముందే ఉన్న సామెత చాలింది. కంటిని రెప్ప కాచినట్టు అంటామే, రెప్పకి ఎవరైనా కాపలా ఉండమని చెప్పారా? అలా అడిగితే కాసేపు అద్దం ముందు నిలబడి, వేలు కంటి దగ్గరికి తెచ్చుకుంటూ రెప్ప వెయ్యకుండా ఉండాలని చూసింది. ఉండలేకపోయింది.

ఇంకో మాట కావాలి. మోచేయి లోపలి వైపు గడపకో బల్లకో తగిలితే చిటికెన వేలి దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. అక్కడ నరం చర్మం కింద ఎముకని ఆనుకుని పోతుంది కాబట్టి. మా ఇంట్లో దాన్ని ‘షాక్ కొట్టింది’ అంటున్నాం. మీ ఊళ్ళో దానికి వేరే మాట ఉందా?