లైకెన్ డీఎన్ఏ పంపితే శైవలం అని వస్తున్నది, కొత్త జాతేనా? జర చెప్పుర్రి

పాలమూరు_బొటనీ:
పొద్దున్నుంచి ఇదే పట్టుకొని కూసున్న, తల పనిచేస్తలేదు. మన్ననూరు దిక్కు తెచ్చిన బూడిద రంగు లైకెన్. అంచులు ఆకు తీరు చీలి ఉన్నయి, నడుమ పిండి చల్లినట్టు ఉన్నది. చూడంగనే పిక్సిన్ కోకోస్ అనే లైకెన్ అనుకున్న. డీఎన్ఏ తీసి ఐటీఎస్ (ఏ జీవో పోల్చేటందుకు వాడే డీఎన్ఏ ముక్క) సీక్వెన్స్ చేయిస్తే, డేటాబేస్‌తోని పోల్చే బ్లాస్ట్‌ల ట్రెబౌక్సియా అనే శైవలంతోని 99 శాతం పోలిక అంటున్నది. రెండుసార్లు చేయించినా అదే. పిక్సిన్ పేరే వస్తలేదు. కే టెస్ట్ (పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి రంగు చూసేది) పాజిటివ్. కొత్త జాతి అనుకోవాల్నా, శాంపిల్ ఖరాబైందా?

గుట్టరాయి:
ప్రైమర్లు (డీఎన్ఏ కాపీ మొదలువెట్టే చిన్న ముక్కలు) ఏవి? చెట్టుదా, రాయిదా? కే పాజిటివ్ అంటే ఏ రంగు, ఏ పొరల?

శబ్దశోధకుడు:
ముందు ఒక మాట. మీరు జాతి అని వాడిన చోట ఏ అర్థంలో వాడారు? మన పాఠ్యపుస్తకాల్లో పిక్సిన్ ప్రజాతి, పిక్సిన్ కోకోస్ జాతి. ఈ రెండూ కలిపేస్తే జవాబు చెప్పేవాళ్లు పొరబడతారు. ఇంకొకటి, చాలామంది లైకెన్‌ను నాచు అనో, పాకురు అనో రాస్తున్నారు. నాచు వేరు, పాకురు వేరు. ఇది శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కాబట్టి ఆ పేరు వాడితే తప్పులేదు.

సిలికా_ప్లేట్:
రాతిపువ్వు దుకాణం పేరు సర్, ఒక్క జాతి పేరు కాదు. అంగట్ల కొన్న పొట్లంల నాలుగైదు రకాలు కలిసే ఉంటయి. అందుకే సి టెస్ట్‌ల (బ్లీచ్ చుక్క వేసి రంగు చూసేది) వాడే బ్లీచ్ పనిచేస్తున్నదా అని చూసేటందుకు ఆ పొట్లం పనికిరాదు. ఒక ముక్క ఎర్రబడితే పక్క ముక్క ఎర్రబడదు. లెకనోరిక్ ఆసిడ్ ఉన్నదని తెలిసిన పార్మోట్రీమా టింక్టోరం అనే లైకెన్ ముక్క దగ్గర పెట్టుకోవాలె. దాని లోపలి తెల్లపొర మీద తాజా బ్లీచ్ పడితే రక్తం తీరు ఎర్రబడతది. ఎర్రబడలేదంటే బ్లీచ్ పాతది, పారబొయ్యాలె.

పాలమూరు_బొటనీ:
వేప బెరడు మీదిది. ల్యాబ్‌ల ఉన్న ఐటీఎస్ 1, ఐటీఎస్ 4 ప్రైమర్లు వాడిన. నడుమ ముక్క మొత్తం నూరిన. కే చుక్క వేస్తే పైన పసుపు వచ్చింది. జెల్‌ల (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసేది) ఒక్కటే బ్యాండ్, మంచిగనే ఉన్నది కదా?

గుట్టరాయి:
ఐటీఎస్ 1 తీసేసి శిలీంధ్రాల కోసం చేసిన ఐటీఎస్ 1ఎఫ్ పెట్టు. పాత ప్రైమర్ జత శైవలాన్నీ పట్టుకుంటది. ఒక్క బ్యాండ్ ఉంటే ఒక్క జీవి అని కాదు.

సిలికా_ప్లేట్:
గుట్టరాయి అన్న చెప్పింది నిజం, కారణం గూడ చెప్త. శైవలం ఐటీఎస్, శిలీంధ్రం ఐటీఎస్ పొడవు దగ్గర దగ్గర ఉంటే జెల్‌ల ఒకదాని మీద ఒకటి కూసుంటయి. క్రోమాటోగ్రామ్ (సీక్వెన్స్ గ్రాఫ్) తెరిచి చూడు, ఒకే చోట రెండు శిఖరాలు కనబడితే రెండూ కలిసినట్టు. ఇంకోటి, లైకెన్ పేరు నియమావళి ప్రకారం శిలీంధ్రానికే చెందుతది. ఒకే ట్రెబౌక్సియా ఎన్నో రకాల లైకెన్లల ఉంటది. కాబట్టి ఆ సీక్వెన్స్‌తో నీ లైకెన్ ఏదో తేలదు, కొత్తదో పాతదో గూడ తేలదు.

ఈసారి నడుమ ముక్క వద్దు. చిన్న చిన్న నల్ల గిన్నెలు ఉంటే అవి బ్లేడుతో కోసి తీసుకో, అండ్ల శిలీంధ్రమే ఎక్కువ. లేకుంటే శుభ్రమైన అంచులు. బెరడు పోగు, చీమ కాలు, వేరే బూజు లేకుండ లెన్స్ కింద ఏరు. నూరేముందు అసిటోన్‌ల 10 నిమిషాలు నానబెట్టి ఒంపెయ్యి. పీసీఆర్‌ను (డీఎన్ఏ కాపీలు తీసే పని) అడ్డుకునే లైకెన్ పదార్థాలు అండ్లకు దిగుతయి. ఆ ఒంపిన అసిటోన్ పారబొయ్యకు, టీఎల్‌సీకి (ప్లేట్ మీద పదార్థాలను వేరుచేసి చూసే పరీక్ష) అదే కావాలె. సీటీఏబీ అనే రసాయనంతో డీఎన్ఏ తీసినంక 1:10, 1:50 పలుచన చేసి రెండూ నడిపించు. పలుచన చేసిందే ఎక్కువసార్లు పనిచేస్తది. అనీలింగ్ (ప్రైమర్ డీఎన్ఏకు అతికే దశ) 52 నుంచి 55 డిగ్రీల మధ్య.

శబ్దశోధకుడు:
నమూనా కాగితం పొట్లంలోనే ఆరబెట్టారా? ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమటపట్టి బూజు వస్తుంది, ఆ బూజు డీఎన్ఏ మీ ఫలితంలోకి చేరుతుంది. పొట్లం మీద చెట్టు పేరు, ఎత్తు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు తప్పక ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దులోదైతే అటవీ శాఖ అనుమతి కాగితం కూడా ఉండాలి. అది లేకుండా రేపు ప్రచురణకు పంపడం కష్టం.

గుట్టరాయి:
అంతకంటే ముందు అది పిక్సిన్ కోకోస్ కాదు. కోకోస్ పైపొర కే చుక్కకు పసుపు ఇయ్యదు, అండ్ల లైకెగ్జాంథోన్ అనే పదార్థం ఉంటది. 365 నానోమీటర్ల యూవీ లైట్ కింద పసుపు పచ్చగ మెరవాలె. 395 టార్చ్‌తో చూస్తే నమ్మొద్దు. కింద బ్లేడు పెట్టి లేపి చూడు, నల్ల వేర్లలాంటి పోగులు ఉన్నయా?

పాలమూరు_బొటనీ:
చూసిన. కింద నల్లగ ఉన్నది, పోగులు లేవు. బెరడుకు అతుక్కొని ముక్కలుగ వస్తున్నది. 365 కింద మెరుస్తలేదు.

సిలికా_ప్లేట్:
అయితే డిరినేరియా అనే ప్రజాతి దిక్కు పో తమ్మీ. కే పసుపు ఆట్రనోరిన్ అనే పదార్థం వల్ల వచ్చింది. పసుపు ఇచ్చే పిక్సిన్లు గూడ ఉన్నయి, కాని వాటికి కింద పోగులు దొరకాలె. నడుమ పిండి ఉన్నది కాబట్టి దాంట్ల అప్లనాటా, కన్సిమిలిస్ అనే రెండు జాతులూ చూడాలె. కంటికి రెండూ ఒకటే. అప్లనాటాల డైవారికాటిక్ ఆసిడ్, కన్సిమిలిస్‌ల సెకికైక్ ఆసిడ్. చుక్కల టెస్ట్‌తో తేలదు, టీఎల్‌సీ చెయ్యాలె. సిలికా జెల్ ప్లేట్ మీద సన్న గాజు గొట్టంతో చుక్కలు పెట్టు. ద్రావకం ఏ: టోల్యూన్ 180 పాళ్లు, డయాక్సేన్ 45, అసిటిక్ ఆసిడ్ 5. ఆరినంక 10 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ కొట్టి 110 డిగ్రీల వేడి. అంతా ఆవిర్లు బయటికి లాగే హుడ్ కిందనే.

శబ్దశోధకుడు:
కొత్త జాతి అనే మాట ఇప్పుడే వద్దు. ఐటీఎస్‌లో పోలిక 97 శాతం కంటే తక్కువ వస్తే కొత్తదే అనే లెక్క నియమం కాదు. వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు నమూనాలు, ఇంకో జన్యువు, హెర్బేరియంలో (ఎండిన నమూనాలు భద్రపరిచే చోటు) ఉంచిన మూల నమూనా ఉండాలి. 2013 జనవరి 1 నుంచి గుర్తింపు పొందిన రిజిస్ట్రీ సంఖ్య లేకుండా శిలీంధ్రాల కొత్త పేరు చెల్లదు.

పాలమూరు_బొటనీ:
డయాక్సేన్ లేదు. ద్రావకం సి సరిపోతదా?

గుట్టరాయి:
టోల్యూన్ 170, అసిటిక్ ఆసిడ్ 30. మొదలువెట్టు. ఒక్క ద్రావకంతోనే పేరు రాయకు. పేరు తెలిసిన అప్లనాటా ముక్క పక్క చుక్కల ఉండాలె.

పాలమూరు_బొటనీ:
సరే అన్నా, 1ఎఫ్ ఆర్డర్ పెట్టిన. థాంక్స్.