సర్కారు దవాఖానలో పన్ను పీకుతారు సరే, కాపాడేది ఎక్కడ?

నల్లమల పోరడు
అందరికీ నమస్తే. మా అమ్మకు ఒక పక్క రెండు దవడ పళ్లు పిప్పి పట్టాయి. ఎండాకాలమంతా మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలతోనే నెట్టుకొచ్చింది. మొన్న బుగ్గ వాచేసరికి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మంచిగానే చూసింది. "రూట్ కెనాల్ (పన్ను లోపల చెడినదంతా తీసి, శుభ్రం చేసి మూసేయడం) చేస్తే పళ్లు నిలబడొచ్చు, కానీ ఆ సామాను ఇక్కడ లేదు. పీకమంటే వాపు తగ్గినాక పీకేస్తా" అంది. ప్రైవేటు క్లినిక్‌లో అడిగితే పన్నుకు మూడున్నర వేలు, పైన క్యాప్ వేరే, రెండింటికీ కలిపి 13 వేలు చెప్పారు. మాది కౌలు సేద్యం. పత్తి అమ్మేదాకా చేతిలో డబ్బు ఆడదు. అమ్మకు యాభై కూడా నిండలేదు, ఇప్పుడే పళ్లు తీయించడం నాకిష్టం లేదు. ఆమేమో "పీకేస్తే పీడ పోతది" అంటోంది. ఆరోగ్యశ్రీలో వస్తుందా? మాది అచ్చంపేట వైపు. పోయి రాగలిగే చోటు ఏదైనా ఉంటే చెప్పండి.

మాజీ ఆరోగ్యమిత్ర
తమ్ముడూ, ఆరోగ్యశ్రీ ఆశ వదులుకో. పిప్పి పన్ను, రూట్ కెనాల్, క్యాప్, కట్టుడు పళ్లు ఇవేవీ అందులో రావు. దవడ ఎముక విరిగితే వస్తుంది, నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయితే వస్తుంది. తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెంచినప్పుడు చాలామంది "ఇక పళ్లకూ వర్తిస్తుంది కదా" అని మా డెస్క్ దగ్గరికి వచ్చేవాళ్లు. పరిమితి పెరిగితే జాబితాలో లేని చికిత్స వచ్చి చేరదు కదా. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ సంగతీ ఇంతే.

సిటీ బస్సు సీటు
అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. అచ్చంపేట బస్సు ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే నడిచి పోవచ్చు. పొద్దున్నే చేరుకోవాలి, పదిన్నర దాటాక వెళితే ఆ రోజు చీటీ రాయించుకోవడం, ఎక్స్‌రే తీయించుకోవడంతోనే సరిపోతుంది. మా అత్తకు అక్కడే చేయించాం. చేయి మంచిదే, కానీ ఓపిక కావాలి. ఇంకో మాట, అమ్మకు మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితం, ఎక్స్‌ప్రెస్ దాకా చెల్లుతుంది. ఆధార్ మర్చిపోకండి. టికెట్ తోడు వెళ్లే నీకే.

పాలమూరు కూలి బిడ్డ
ఉచితం, ఉచితం అంటారు గానీ లెక్క ఎవరూ సరిగ్గా వేయరు. రూట్ కెనాల్ అంటే ఒక్కసారితో అయ్యేది కాదు, మళ్లీ మళ్లీ రమ్మంటారు. అమ్మ కూలి పోతుంది, తోడు వెళ్లేవాడి కూలి పోతుంది, ఇద్దరి తిండి, ఆటో. అన్నీ కలిపితే మా ఊరి క్లినిక్ రేటుకు దగ్గర పడింది మాకు. పైగా పంట మీద ఉన్నప్పుడు డాక్టరు చెప్పిన తేదీకి పోలేం. మధ్యలో వదిలేస్తే ఆ పన్ను ఇంకా చెడిపోతుంది. మా నాయనకు అదే జరిగింది, చివరికి పీకించాం. అందుకే మీ అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు అన్నా. ఆమెకు తన పని దినాల విలువ తెలుసు.

ఎండో పీజీ
నేను ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చేస్తున్నాను. పేరు అడగొద్దు. లోపల ఎలా నడుస్తుందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

కాలేజీలకు పేషెంట్లు కావాలి. ఇది దానధర్మం కాదు. బీడీఎస్ (పళ్ల డాక్టరు డిగ్రీ) మూడో ఏడాది నుంచి విద్యార్థులు పేషెంట్లను చూడాలి. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పన్ను తీతలు, ఇన్ని పళ్ల సెట్లు అని కోటా ఉంటుంది, అది పూర్తి చేయకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మా పీజీలకూ అంతే. అందుకే కాలేజీలు ఊళ్లలో క్యాంపులు పెట్టి, సొంత బస్సులో జనాన్ని తెచ్చుకుంటాయి. ప్రభుత్వ కాలేజీలు మూడే (హైదరాబాద్, విజయవాడ, కడప). ప్రైవేటువి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్, ఖమ్మంలో మమత, నార్కెట్‌పల్లిలో కామినేని, వికారాబాద్‌లో శ్రీ సాయి, దిల్‌సుఖ్‌నగర్ వైపు పానినీయ, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్, భీమవరంలో విష్ణు, నెల్లూరులో నారాయణ. ఎవరికి ఏది దగ్గరైతే అది. నల్లమల బ్రో, మీకు మహబూబ్‌నగర్, హైదరాబాద్ రెండూ కనుక్కోండి.

వెళ్లగానే మొదట ఓరల్ మెడిసిన్ విభాగంలో కేస్ షీట్ రాస్తారు, ఎక్స్‌రే తీస్తారు. అక్కడి నుంచి సంబంధిత విభాగానికి పంపుతారు. రూట్ కెనాల్ అయితే కన్జర్వేటివ్ విభాగం, అంటే పన్ను పీకకుండా కాపాడే విభాగం. ఒకే వేరున్న ముందు పళ్లను హౌస్ సర్జన్లకు, విద్యార్థులకు ఇస్తారు. దవడ పన్నుకు రెండు మూడు వేర్లు ఉంటాయి, వాటి లోపలి కాలువలు వంకర తిరిగి ఉంటాయి, అది పీజీలకు వస్తుంది. కాబట్టి "స్టూడెంట్లు పళ్ల మీద ప్రయోగం చేస్తారు" అనే భయం పెట్టుకోకండి. మేం ప్రతి దశలో మేడమ్‌కో సార్‌కో చూపించి సంతకం పెట్టించుకోవాలి. క్లినిక్‌లో ముప్పావు గంటలో అయ్యేది మా దగ్గర రెండున్నర గంటలు పట్టేది అందుకే.

డబ్బు సంగతి. చాలా కాలేజీల్లో చెకప్‌కు, పీకడానికి తీసుకోరు, లేదా నామమాత్రం. రూట్ కెనాల్‌కు మెటీరియల్ ఖర్చు అని కొంత తీసుకుంటారు, బయటి రేటులో చిన్న వంతు. క్యాప్ దగ్గరే అసలు ఖర్చు, ఎందుకంటే అది ల్యాబ్ బిల్లు. ముందే అడిగి రాయించుకోండి.

ముఖ్యమైన చిట్కా: మీకు కేటాయించిన డాక్టరు ఫోన్ నంబర్ తీసుకోండి. మా పరీక్షలు, సెలవులు ఎప్పుడో అడగండి. పాలమూరు అన్న చెప్పిన ఇబ్బంది నిజమే, కానీ "మాకు నాట్లున్నాయి, ఆ వారం రాలేం" అని ముందే చెబితే మధ్యలో మందు పెట్టి గట్టి తాత్కాలిక సిమెంట్‌తో మూసి పంపగలం. చెప్పకుండా మానేస్తేనే చిక్కు. రూట్ కెనాల్‌కు ఒప్పుకున్న పేషెంట్ మాకు బంగారం, మేమే ఫోన్ చేసి రమ్మంటాం.

రిటైర్డ్ డెంటల్ సర్జన్
ఏరియా ఆసుపత్రుల్లో పీకడమే ఎందుకు జరుగుతుందో చెప్పాలి. నేను చాలా ఏళ్లు ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాను. పీకడానికి మత్తు ఇంజెక్షన్, నాలుగు ఫోర్‌సెప్స్ (పన్ను పట్టి పీకే పట్టకార్లు), దూది చాలు. కరెంటు పోయినా కిటికీ వెలుతురులో తీసేయొచ్చు. పన్ను కాపాడాలంటే కుర్చీ, కంప్రెసర్, డ్రిల్, పంటి ఎక్స్‌రే, ఫైళ్లు (వేరు కాలువ శుభ్రం చేసే సన్నని సూదుల్లాంటి పనిముట్లు), సిమెంటు అన్నీ ఒకే రోజున పనిచేస్తూ ఉండాలి. నేను పనిచేసిన చోట కంప్రెసర్ చెడిపోతే బాగుచేసేవాడు జిల్లా కేంద్రం నుంచి కూడా కాదు, హైదరాబాద్ నుంచి రావాలి. సామాను కావాలని ఇండెంట్ పెడితే దూది, గ్లౌజులు వచ్చేవి, ఫైళ్లు వచ్చేవి కావు. సహాయకుడు లేడు. ఓపీలో ఇరవై మంది బయట నిలబడి ఉంటే ఒక్కరి మీద గంటన్నర ఎలా పెడతాం?

2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. జిల్లా ఆసుపత్రుల్లో, వాటి కింది స్థాయి ఆసుపత్రుల్లో దంత విభాగాలకు మనుషులు, పరికరాలు, మెటీరియల్ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. కొన్నిచోట్ల కొత్త కుర్చీలు వచ్చాయి కూడా. కానీ కుర్చీ ఒకసారి కొనేది, మెటీరియల్ నెలనెలా కొనాల్సింది. మన దగ్గర మొదటిదానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రెండోదానికి ఉండదు.

ఇక పీకించుకోవడంలో తప్పు లేదన్న మాట నేను ఒప్పుకోను. దవడ పన్ను పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలతాయి, పైపన్ను కిందికి జారుతుంది, మనిషి ఒక పక్కనే నమలడం మొదలుపెడతాడు. కొన్నాళ్లకు ఆ పక్క కూడా పాడవుతుంది. నలభైల్లో రెండు పీకించిన వాళ్లు అరవైకి సెట్టు అడుగుతూ రావడం చాలా చూశాను.

పాలమూరు కూలి బిడ్డ
సార్, మీ మాట కాదనను. కానీ ఇది మా మండలంలోనే దొరికేలా చేయమని అడగాలి గానీ, మమ్మల్ని బస్సులెక్కి తిరగమంటే ఎట్లా?

రిటైర్డ్ డెంటల్ సర్జన్
అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

జీడిమెట్ల షిఫ్టు
జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతున్నవాళ్లు ఆ కార్డు వాడండి. కార్మికుడికే కాదు, భార్యాపిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా చెల్లుతుంది. మా డిస్పెన్సరీలో రాయించుకుని సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లాను, జ్ఞానదంతం తీశారు. పైసా కాలేదు. మాలో సగం మందికి ఈఎస్‌ఐలో పళ్ల డాక్టరు ఉంటాడనే తెలీదు.

మర్రిగూడ నీళ్లు
మా బాధ వేరు. పిప్పి లేదు, నొప్పి లేదు, ముందు పళ్లు పసుపు, గోధుమ చారలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. చెల్లికి సంబంధం చూస్తున్నారు, ఫోటోలో నవ్వదు. పెద్దాసుపత్రిలో అడిగితే "ఇది అందం కోసం చేసేది, మా దగ్గర కాదు" అన్నారు. అందం కోసమట! నీళ్లు మేం ఎంచుకుని తాగామా?

ఎండో పీజీ
డెంటల్ కాలేజీకి తీసుకురండి. ఈ కేసులు మాకు తెలిసినవే. చారలు తేలికగా ఉంటే పైపొరను కొద్దిగా అరగదీసి బ్లీచింగ్ చేస్తాం, గుంటలు పడి ఉంటే ఫిల్లింగ్ మెటీరియల్‌తోనే పైన పొర వేస్తాం. వెనీర్ల (పన్ను ముందు అతికించే పలుచని పెంకులు) కంటే చాలా తక్కువ అవుతుంది. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగితేనే ఈ మచ్చలు వస్తాయి. కాబట్టి ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగే చిన్నపిల్లలకు మేలు. పెద్దవాళ్ల పళ్ల మీద ఉన్నవి మాత్రం నీళ్లు మారితే పోవు.

కనిగిరి కబుర్లు
ప్రకాశం వాళ్లం మేమూ ఉన్నాం ఈ లైనులో. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మా దర్శి, పొదిలి పక్కనే. ఇన్నేళ్లయినా మా మండలంలో పన్ను చూపించుకోవాలంటే ఒంగోలు పోవాలి.

సోంపేట టీచర్
మా తీరంలో అడ్డపొగ గురించి చెప్పాలనిపించింది. తెలియనివాళ్లకు: చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విశాఖ ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లకు ఎక్కువ. మా వీధిలో ఒకావిడ పన్ను నొప్పి అనుకుని నెలల తరబడి లవంగ నూనె పెట్టింది. స్కూల్లో దంత వైద్య క్యాంపు పెడితే మనవడితో వచ్చింది, అక్కడ డాక్టరు నోరు తెరిపించి అంగిలి మీద పుండు చూశారు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపారు, ఇప్పుడు బాగానే ఉంది. పంటి నొప్పికి మాత్ర కొనుక్కుని ఊరుకుంటే ఇలాంటివి ఎవరి కంటా పడవు. గుట్కా, ఖైనీ వేసేవాళ్లు, నోరు పూర్తిగా తెరుచుకోని వాళ్లు, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నవాళ్లు ఆలస్యం చేయకండి. ఈ చికిత్సకైతే ప్రభుత్వ కార్డు పనిచేస్తుంది.

బర్మింగ్‌హామ్ బావ
ఇంగ్లండ్‌లో ఉంటే హాయి అనుకునేవాళ్ల కోసం. ఇక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవలో కూడా పెద్దలకు పళ్ల వైద్యం ఉచితం కాదు, మూడు అంచెల ఫీజు. పిల్లలకు, గర్భిణులకు ఉచితం. అసలు కొత్త పేషెంట్‌ను తీసుకునే డెంటిస్ట్ దొరకడమే గగనం. సెలవుల్లో వచ్చినప్పుడు కూకట్‌పల్లిలో చేయించుకుని పోయే బ్యాచ్ మాది.

పాలమూరు కూలి బిడ్డ
మీరొచ్చి చేయించుకునే రేటు చూసే ఇక్కడి క్లినిక్‌లు మాకూ రేటు చెబుతున్నాయి బావా 🙂

గోదారి కోడలు
మా మామగారికి సంతలో ఒకాయన చౌకగా కట్టుడు పన్ను పెట్టాడు. తీసి పెట్టుకునేది కాదు, తీగ చుట్టి గులాబీ రంగు పిండి పూసి పక్క పళ్లకు అతికించేశాడు. అన్నం మెతుకులు కింద ఇరుక్కుని చిగురు కుళ్లిపోయింది, మంచి పళ్లు కూడా కదిలాయి. తర్వాత డెంటల్ కాలేజీలో అదంతా కోసి తీసి, అచ్చులు తీసి సెట్టు చేసిచ్చారు. చాలాసార్లు తిప్పారు, కానీ ఇప్పుడు జంతికలు కూడా తింటున్నారు. దయచేసి సంతలో వద్దు. డెంటిస్ట్ చట్టం 1948లోనే వచ్చింది, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు చేయకూడదు. అయినా ప్రతి సంతలో గొడుగు కింద అలా పళ్లు కట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

నల్లమల పోరడు
అందరికీ థ్యాంక్స్. అఫ్జల్‌గంజ్ వెళ్లొచ్చాం. ఎక్స్‌రే చూసి ఒకటి కాపాడవచ్చన్నారు, రెండోది వేరు దాకా పోయింది, తీసేయాలన్నారు. అమ్మకు షుగర్ ఉందన్న సంగతి అక్కడే బయటపడింది. అది అదుపులోకి వచ్చాకే పీకుతామన్నారు, మందులు మొదలయ్యాయి. మొదటి పన్నుకు పని మొదలుపెట్టి తాత్కాలిక సిమెంట్ పెట్టారు, నొప్పి తగ్గింది. పీజీ మేడమ్ నంబర్ తీసుకున్నాను. పత్తి ఏరేటప్పుడు రాలేమని చెబితే సరే అంది.

ఒక్క సందేహం. క్యాప్‌కు మెటల్, సిరామిక్ రెండూ చెప్పారు. ధరలో చాలా తేడా ఉంది. ఏది వేయించాలి?

ఎండో పీజీ
వెనక దవడ పన్ను కదా, నవ్వితే కనిపించదు. మెటల్ వేయించండి, గట్టిగా ఉంటుంది, జొన్నరొట్టె నమిలినా ఏం కాదు. రూట్ కెనాల్ పూర్తయ్యాక క్యాప్ లేకుండా మాత్రం నెలల తరబడి వదిలేయకండి, పన్ను పగులుతుంది. ఈసారి వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు, వాడే మందుల చీటీ రెండూ పట్టుకెళ్లండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు, టిఫిన్ తినిపించి, షుగర్ మాత్ర వేయించాకే కుర్చీ ఎక్కించండి.