నేను రాసింది ఒకటి, వాళ్లకి అర్థమైంది ఇంకోటి. వినడంలోనూ అదే గొడవ. ఎలా మార్చుకోవాలి?

ఆరుగురి_టీమ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు మాట్లాడటం, రాయడం రాక కాదండీ, రోజంతా ఫోన్లు, మెసేజీలతోనే నా పని. కానీ ఈ నెలలో రెండు జరిగాయి, అప్పట్నించి మనసు బాగోలేదు.

ఒకటి ఆఫీసులో. టీమ్‌లో ఒకమ్మాయికి "అది ఇవాళ వద్దులే, రేపటిది చూడు" అని మెసేజ్ పెట్టా. రిపోర్టు పక్కన పెట్టి రేపటి మీటింగ్‌కి స్లైడ్లు చేయమని నా ఉద్దేశం. తనేమో రేపు ఇవ్వాల్సిన ఇంకో ఫైల్ ఉంది కదా, దాన్ని ఒకసారి చదివి ఉంచమన్నాననుకుంది. తెల్లారి పది గంటలకి మీటింగ్, ఒక్క స్లైడ్ కూడా లేదు. తన తప్పు ఏమీ లేదని ఆ మెసేజ్ మళ్లీ చదివాక నాకే తెలిసింది.

రెండోది ఇంట్లో. అక్క ఫోన్ చేసి "డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకున్నా గానీ" అంటుండగానే నేను అందుకుని, లేట్ చేయకు, టెస్టులన్నీ చేయించుకో, అని పది నిమిషాలు చెప్పా. తను "సరేలే" అని పెట్టేసింది. ఒక్కతే వెళ్లడానికి భయమేసి నన్ను తోడు రమ్మని అడగబోయిందట, తర్వాత బావ చెప్పాడు. ఆ మాట నా నోటితో నేనే ఆపేశా. ఇలాంటివి ఎలా మార్చుకోవాలి, మీరు నిజంగా చేసి చూసినవి చెప్పండి.

తెలుగు_టీచర్

ముందు మీ అక్కగారి విషయం చెప్తానండి, ఎందుకంటే అది మనందరికీ జరిగేదే. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, కాదు అనే సంగతి ఆ క్రియకి కూడా చివర్న తగులుకుంటుంది. "రేపు ఆ పని నేను" వరకు విన్నారనుకోండి, అసలు విషయం ఇంకా రానే లేదు. చేస్తాను అనొచ్చు, చేయను అనొచ్చు, చేయలేను అనొచ్చు, చేయనా అని మిమ్మల్నే అడగొచ్చు. మధ్యలో అందుకుంటే ఆ మనిషి ఔనందో కాదందో తెలియకుండానే జవాబు చెప్తున్నామన్నమాట. ఇక "గానీ" అని ఎవరైనా ఆగితే చెప్పాలనుకున్నది సరిగ్గా ఆ తర్వాతే ఉంది, అక్కడ మాత్రం ఎంత తెలిసిన విషయమైనా ఆగండి.

క్లాసులో నేను చేయించేది ఇది. ఒకరు రెండు నిమిషాలు చెప్తారు, ఆపాక రెండోవాళ్లు మనసులో మూడు లెక్కపెట్టి, విన్నది సొంత మాటల్లో చెప్పి "ఇంకేమన్నా ఉందా" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకి చాలాసార్లు అసలు మాట బయటికొస్తుంది. మూడు లెక్కపెట్టడం మొదట్లో చాలా కష్టం, మామూలుగా ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోడానికీ మధ్య అంత ఖాళీ ఉండదు మరి. 2009లో వచ్చిన పది భాషల పరిశోధనలో అది సగటున సెకనులో ఐదో వంతుగా తేలింది. అంటే అవతలివాళ్లు మాట్లాడుతుండగానే మన లోపల జవాబు తయారైపోతోంది, ఆ టైమ్‌లో మనం వినేది ఎంత చెప్పండి.

డెస్క్_అనుభవం

రాత విషయం నేను చెప్తా, చాలా ఏళ్లు వేరేవాళ్లు రాసింది దిద్దిన పని నాది. 1990లో స్టాన్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేలితో దరువేయాలి, వినేవాళ్లు అదేం పాటో చెప్పాలి. సగం కనిపెడతారులే అని దరువేసినవాళ్లు అనుకున్నారు, 120 పాటల్లో కనిపెట్టింది మూడే. వేసేవాళ్ల బుర్రలో పాటంతా మోగుతోంది, అవతలివాళ్లకి వినిపించేది టక టక మాత్రమే. మీ "అది", "రేపటిది" ఆ టక టకేనండి.

"చూడు" ఇంకా ప్రమాదం. చదవమనా, తప్పులు దిద్దమనా, మొత్తం చేసి ఇమ్మనా? "చూద్దాం" అని పెడితే ఒకరికి సరే అని, ఇంకొకరికి కుదరదని. పని చెప్పేటప్పుడు ఆ పనికున్న క్రియే రాయండి, వస్తువు పేరు రెండోసారి రాయాల్సొచ్చినా రాయండి, బడిలో నేర్పినట్టు పేరు మళ్లీ మళ్లీ రావడం ఇక్కడ తప్పు కాదు. నాకు బాగా పనిచేసింది ఇంకోటి ఉంది, వారం కిందట పంపిన మెసేజీలు తీసి చదవడం. అప్పుడు మనసులో ఏముందో మనకే గుర్తుండదు కాబట్టి అందుకున్నవాళ్లలా చదువుతాం, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ వేలు పెట్టి చూపించొచ్చు.

కస్టమర్_కాల్స్

ఒక్క మాట. "అర్థమైందా" అని అడగడం మానేయండి, దానికి అందరూ ఔననే అంటారు. "ముందు ఏది మొదలుపెడుతున్నారు" అని అడగండి, తేడా ఉంటే ఆ జవాబులోనే దొరుకుతుంది.

విమానాల్లో విన్నది తిరిగి చెప్పించుకునే పద్ధతి చాలా గట్టిగా ఉంటుంది, దాని వెనక పెద్ద ఘోరం ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పైలట్ టేకాఫ్ మొదలైందన్న అర్థంలో చెప్పాడు, అతను టేకాఫ్‌కి సిద్ధంగా మాత్రమే ఉన్నాడని టవర్‌లోని కంట్రోలర్ అనుకుని "ఓకే" అన్నాడు, ఆగమని చెప్పిన తర్వాతి ముక్క రేడియోలో గోలలో పోయింది. ఆ తర్వాతే టేకాఫ్ అనే మాటని అసలు అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని, ముఖ్యమైన సూచనని ఉత్త ఓకేతో సరిపెట్టకుండా తిరిగి చదివి చెప్పాలని నియమాలు బిగించారు. నేను కాల్‌లో నంబర్, తేదీ, చేయాల్సిన పని ఈ మూడూ తప్పకుండా తిరిగి చెప్తా.

ఆరుగురి_టీమ్

అందరికీ చాలా థాంక్సండీ. నిన్న అక్కకి ఫోన్ చేశా. మాట్లాడి ఆగింది, నేను మూడు లెక్కపెడుతూ ఊరుకున్నా, లైన్లో ఉన్నావా అని అడిగింది, ఉన్నా చెప్పు అన్నా. అప్పుడు చెప్పింది, రిపోర్టులో ఏం వస్తుందోనని నిద్ర పట్టట్లేదని. శనివారం ఇద్దరం వెళ్తున్నాం.

మెసేజ్ ఇలా మార్చి రాశా, చూసి చెప్పండి: "రిపోర్టు ఇవాళ ఆపేయండి. రేపు పది గంటల మీటింగ్‌కి స్లైడ్లు తయారు చేసి ఇవాళ సాయంత్రం ఆరులోపు నాకు పంపండి. మొదలుపెట్టే ముందు ఎన్ని స్లైడ్లు వస్తాయో ఒక లైన్ రాయండి."

డెస్క్_అనుభవం

బాగుందండి, ఆఖరి లైన్ మరీ బాగుంది. ఒక్కటి మార్చండి, "ఇవాళ", "రేపు" తీసేసి వారం పేరు, తేదీ పెట్టండి. తను ఆ మెసేజ్ అర్ధరాత్రి దాటాక తెరిస్తే రేపు ఏ రోజో మళ్లీ లెక్కేసుకోవాలి.