రెండు టికెట్లతో ఒకే ప్రయాణం: ఆమ్‌ట్రాక్ పాయింట్లు ఎలా లెక్కిస్తారు?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలతో న్యూజెర్సీలోని మెట్రోపార్క్ స్టేషన్ నుంచి నార్త్ కరోలినాలోని రాలీ నగరానికి ఆమ్‌ట్రాక్‌ (అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ) రైళ్లలో వెళ్తున్నాను. మొత్తం ఒకే బుకింగ్‌గా చేస్తే ఖరీదు ఎక్కువ చూపిస్తోంది. అందుకే వాషింగ్టన్ దాకా బిజినెస్ క్లాస్, అక్కడి నుంచి కోచ్ (మామూలు తరగతి), వేర్వేరు టికెట్లు తీసుకుందామనుకుంటున్నాను.

ప్రయాణాలకు పాయింట్లు ఇచ్చే ఆమ్‌ట్రాక్ సభ్యత్వ పథకం గెస్ట్ రివార్డ్స్‌లో టికెట్ మీద ఖర్చుపెట్టిన డాలరుకు 2 పాయింట్లు, బిజినెస్ క్లాస్‌కు 25 శాతం అదనం అని తెలుసు. ఆ అదనం మొదటి టికెట్ మీదే ఇస్తారా, ఒకే రోజు ప్రయాణమని రెండూ కలిపి చూస్తారా? మెంబర్ నంబర్ రెండు బుకింగుల్లోనూ విడిగా ఇవ్వాలి కదా?

టికెట్లన్నిటికీ డబ్బు కట్టేది నేనే. అయినా ఎవరి ప్రయాణం పాయింట్లు వాళ్లకే కాబట్టి అమ్మకీ నాన్నకీ కూడా ఖాతాలు తెరవాలి. ఇండియా అడ్రస్‌తో ఎవరైనా తెరిచారా?

పాయింట్ల కన్నా పెద్ద టెన్షన్ ఇంకొకటి ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, బుకింగులు వేరు కాబట్టి తర్వాతి రైలు ఎక్కనివ్వరేమో. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, స్టేషన్‌లో పరుగెత్తలేరు. వాషింగ్టన్‌లో ఎన్ని గంటల వ్యవధి ఉంచుకుంటే మంచిది? ఇలా వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.